ఎవరికి ఏ బంతి వేయాలి

అది 2023 ఏప్రిల్. నరసరావుపేటలో మా క్లబ్బులో నేను టెన్నిస్ మార్కర్‌గా చేరి అప్పటికి ఇరవై రెండేళ్లు. మార్కర్ అంటే ఏమిటో చాలామందికి తెలియదు. గీతలు గీసేవాడనుకుంటారు. గీతలూ గీస్తాను, నెట్టూ కడతాను, పొద్దున్నే సిమెంటు కోర్టు ఊడ్చి కడుగుతాను. కానీ మార్కర్ అసలు పని సభ్యులతో ఆడటం. జోడీ దొరకని డాక్టరు గారు వస్తారు, ఆయనతో ఆడాలి. కేసు వాయిదా పడిన లాయరు గారు వస్తారు, ఆయనతోనూ ఆడాలి. ఎవరికి ఏ బంతి ఇష్టమో ఆ బంతే వేయాలి. దీన్నే ఫీడింగ్ అంటాం. డాక్టరు గారికి నడుము ఎత్తులో కుడిచేతికి రావాలి. లాయరు గారికి నెట్ దగ్గర తేలిగ్గా లేవాలి, దాన్ని బాదితేగాని ఆయనకు ఆ రోజు ఆకలి వేయదు.

మార్కర్ గెలవకూడదని ఏ పుస్తకంలోనూ రాసిలేదు. కానీ రోజంతా కోర్టులోనో ఆసుపత్రిలోనో తల పగలగొట్టుకుని వచ్చిన మనిషిని ఇక్కడ కూడా ఓడించి పంపితే మర్నాడు రాడు. అందుకని ఆరు నాలుగుతో ఓడిపోవడం నా అలవాటు. ఆరు సున్నాతో ఓడిపోతే కావాలని ఓడాడని తెలిసిపోతుంది. ఆరు నాలుగు మర్యాదగా ఉంటుంది.

మా నాన్న మాచర్ల రోడ్డులో లారీ మెకానిక్కు. నాకు స్పానర్ల కంటే రాకెట్ బాగా పట్టుబడింది. ఎక్కడా కోచింగ్ తీసుకోలేదు. పాత మార్కర్ దగ్గర చూసి నేర్చుకున్నదే.

ఆ వేసవిలో క్లబ్బు కమిటీ పిల్లలకు టెన్నిస్ శిక్షణ శిబిరం పెట్టాలనుకుంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. పిల్లలకు నేర్పాలని ఎన్నేళ్లుగానో కోరిక. ఒకరోజు పొద్దున ఆఫీసు గదిలోకి వెళ్లి సెక్రటరీ గారిని అడిగాను. ఆయన పేపరు మీది నుంచి తల ఎత్తకుండానే చెప్పారు.

"బయట నుంచి సర్టిఫికెట్ ఉన్న కోచ్‌ను తెస్తున్నాం మస్తాన్. నువ్వు బంతులు అందిద్దువుగాని."

"పిల్లలకు నేను నేర్పగలను సార్."

"నువ్వు మార్కర్‌వి. మార్కర్ వేరు, కోచ్ వేరు. నువ్వు ఎవర్నన్నా గెలవగా ఎప్పుడైనా చూశామా?"

ఆయన చెడ్డ మనిషి కాదు. చూసిందే అన్నారు. ఇరవై రెండేళ్లు నేను ఓడిపోవడం ఆయన కళ్లారా చూశారు. బయటికి వచ్చి నెట్టును మామూలు కంటే బిగించి కట్టాను. కోపమో, సిగ్గో నాకే తెలియలేదు.

ఈ సంగతి ఎలా తెలిసిందో కోటిరెడ్డి గారికి తెలిసింది. ఆయనది గురజాల దగ్గర పల్లె. మిర్చి, పత్తి వేస్తారు. ఒక విడత సర్పంచ్‌గా చేశారు. పిల్లల చదువుల కోసం నరసరావుపేటలో ఇల్లు తీసుకున్నారు. షుగర్ వచ్చిందని డాక్టరు నడవమంటే, "ఊరికే నడవడానికి నేనేమన్నా గేదెనా" అని టెన్నిస్‌కు వచ్చిన మనిషి. యాభయ్యో ఏట రాకెట్ పట్టారు. ఆయనకు ఆట నేర్పింది నేనే. అప్పటికి ఆయనకు యాభై ఆరు. పొట్ట ఉంది, మోకాలికి పట్టీ ఉంది, పరుగు లేదు. చెయ్యి మాత్రం మెత్తన. బంతిని ఎక్కడ వదలమంటే అక్కడ వదిలేవారు.

ఏప్రిల్ చివర్లో మా కోర్టుల్లోనే ఓపెన్ డబుల్స్ టోర్నమెంట్ ఉంది. సభ్యులే ఆడాలన్న నియమం లేదు. ఒక సాయంత్రం ఆయన వచ్చి బెంచీ మీద కూర్చుని అన్నారు.

"మస్తానూ, నీ పేరూ నా పేరూ కలిపి ఎంట్రీ రాయించా."

నేను నవ్వులాట అనుకున్నాను. "సార్, అక్కడికి గుంటూరోళ్లు, విజయవాడ కుర్రాళ్లు వస్తారు."

"రానీ. నన్ను సారు గీరు అనమాక. కోర్టులో అన్నా అను. నాకు పరుగు లేదు, నీకు గెలిచే అలవాటు లేదు. ఇద్దరికీ చెరో జబ్బుంది. ఒకళ్ల మందు ఒకళ్లం తాగుదాం."

ఆ రాత్రి షకీలాకు, అంటే నా భార్యకు చెప్పాను. ఆమె తోటకూర తుంచుతూ, "ఓడిపోయేది ఎట్టాగూ అలవాటేగా, పోయేదేముంది?" అంది. తర్వాత తల ఎత్తి నా మొహం చూసి, "గెలిస్తే మాత్రం చానా బాగుంటది" అంది.

మా కోర్టులకు ఒక లోపం ఉంది. టెన్నిస్ కోర్టును ఉత్తర దక్షిణాలుగా వేయాలి, ఎండ ఎవరి కంట్లోనూ పడకుండా. మాకు స్థలం చాలక ఎవరో పెద్దలు తూర్పు పడమరలుగా వేశారు. పడమటి కొసను మేం మాచర్ల సైడు అంటాం, తూర్పు కొసను గుంటూరు సైడు. పొద్దున పూట మాచర్ల సైడు నుంచి సర్వ్ చేసేవాడు సూర్యుడికి ఎదురుగా బంతి ఎగరేయాలి.

మా మొదటి మ్యాచ్ శనివారం పొద్దున ఏడింటికి, గుంటూరు నుంచి వచ్చిన జంటతో. వాళ్లలో ఒకాయన ఆరడుగుల మనిషి. ఆయన సర్వ్ పడితే బంతి వెనక కంచెకు గుద్దుకున్న చప్పుడే గాని కంటికి కనపడదు. అలాంటి పోటీలో ఫైనల్ ముందు వరకు ఎనిమిది గేములు ఎవరు ముందు గెలిస్తే వాళ్లదే మ్యాచ్.

టాస్ గెలిచాం. టాస్ గెలిస్తే అందరూ సర్వ్ తీసుకుంటారు. నేను సైడు అడిగాను. "మేం గుంటూరు సైడు ఉంటాం. సర్వ్ సంగతి మీ ఇష్టం." నేననుకున్నట్టే ఎత్తు మనిషి సర్వ్ తీసుకున్నాడు.

కోటిరెడ్డి గారు నన్ను పక్కకు లాగారు. "ఏందిరా, ఆడి చేతికి తుపాకీ ఇచ్చావు?"

"తుపాకీ ఇచ్చా అన్నా. కళ్లు మూయించా. ఆయన మొదటి గేము సూర్యుడికి ఎదురుగా సర్వ్ చేయాలి. మనం కోర్టు మారే లెక్కలో, ఆయన వంతు వచ్చినప్పుడల్లా మాచర్ల సైడే పడుతుంది. మ్యాచ్ అయిపోయేదాకా ఎండ ఆయన కంట్లోనే."

"మరి మనకు?"

"మీ వంతు ఎప్పుడొచ్చినా గుంటూరు సైడే. ఎండలో సర్వ్ చేసేది నేనొక్కడినే. నాకు ఇరవై రెండేళ్ల నుంచి అలవాటే, బంతిని తక్కువ ఎత్తులోనే ఎగరేస్తా."

"పోలింగు బూతులు ఎక్కడ పెట్టాలో ఆలోచించే నాయకుడి బుర్రరా నీది" అన్నారాయన.

ఎత్తు మనిషి మొదటి గేములోనే మూడు డబుల్ ఫాల్టులు చేశాడు. అంటే రెండేసి అవకాశాలూ పోగొట్టుకుని పాయింటు మాకు ఊరికే ఇచ్చాడు. మూడు సున్నా అయ్యాం. అంతా సవ్యంగానే ఉంది. కానీ ఆ తర్వాత నాకు తెలియకుండానే ఒక పని జరుగుతోంది. ర్యాలీ, అంటే బంతి అటూ ఇటూ తిరగడం, కాస్త సాగిందంటే చాలు, నా చెయ్యి దానంతట అది బంతిని ఆయన భుజం ఎత్తులో, ఆయనకు నచ్చిన చోట పెడుతోంది. ఆయన బాదుతున్నాడు, పాయింటు పోతోంది. మూడు మూడు. నాలుగు నాలుగు.

కోటిరెడ్డి గారు నెట్ దగ్గర నుంచి వెనక్కి వచ్చారు.

"ఏందిరా మస్తానూ, ఆడికి పెళ్లివిందు పెడతన్నావు? అడక్కముందే వడ్డిస్తన్నావు!"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. నిజమే. నేను ఆడటం లేదు, ఫీడింగ్ చేస్తున్నాను. ఎదుటివాడికి ఏ బంతి ఇష్టమో ఐదు నిమిషాల్లో కనిపెట్టి అదే వేయడం నా బతుకుతెరువు. ఆ చెయ్యి ఒక్క పూటలో మాట వినదు.

అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. చెయ్యి అలవాటును మానిపించడం నా వల్ల కాదు. దాన్ని తిప్పి వాడుకోవచ్చు. ఆయనకు భుజం ఎత్తు బంతి ఇష్టమని నాకు తెలుసు. అంటే ఏది ఇష్టం లేదో కూడా తెలుసు. ఆ పొడుగు మనిషి పాదాల దగ్గర పడే బంతికి ఒంగలేడు. ఇకనుంచి ప్రతి బంతికీ ముందు మనసులో, "సార్‌కు ఏం కావాలి?" అని ఎప్పటిలాగే అడుక్కుని, జవాబు రాగానే దానికి సరిగ్గా ఎదురు బంతి వేయడం మొదలుపెట్టాను. బంతిని కింద నుంచి కోసినట్టు కొడితే అది పైకి లేవకుండా జారిపోతుంది, దాన్ని స్లైస్ అంటాం. ప్రతి బంతీ స్లైస్ చేసి ఆయన బూట్ల మీద వేశాను. మూడో బంతికే ఆయన నడుము పట్టుకున్నాడు.

ఎనిమిది ఐదుతో గెలిచాం.

చెయ్యి కలపడానికి నెట్ దగ్గరికి నడుస్తూ ఉంటే ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. ఓడినప్పుడు ఏమనాలో కంఠతా వచ్చు: బాగా ఆడారు సార్, మీ బ్యాక్‌హ్యాండ్ ఈ రోజు అదిరింది సార్. గెలిచినవాడు ఏమంటాడో నాకు రాదు. "థాంక్యూ సార్" అని వచ్చేశాను.

సాయంత్రం నాలుగింటికి సెమీఫైనల్. పిడుగురాళ్ల నుంచి వచ్చిన అన్నదమ్ములు, సున్నపు బట్టీల యజమానులు. వాళ్లకు సర్వ్ లేదు, తల మీది బంతిని పైనుంచి బాదే స్మాష్ లేదు. ఏ బంతి వేసినా తిరిగి వస్తుంది, అంతే. పొద్దున వాళ్లతో ఆడిన జంట చివరికి విసుగుతోనే ఓడిపోయింది. ఇలాంటి వాళ్లతో ఓపికకు ఓపిక పోటీ పెడితే కోటిరెడ్డి గారి మోకాలు అరగంటలో కూర్చుంటుంది.

ఆ పూట వడగాలి మొదలైంది. పడమటి నుంచి కోర్టు పొడవునా వీస్తోంది. కోర్టు పక్క బోర్డు మీది కాగితాలు ఎగిరిపోతున్నాయి. అందరూ గాలిని తిడుతున్నారు. నేను లోపల సంతోషించాను. గాలి లేని రోజున అన్నదమ్ములను గెలవడం మా తరం కాదు.

"అన్నా, ఈ మ్యాచ్‌లో మనకు రెండు ఆటలున్నాయి" అన్నాను. "మాచర్ల సైడు ఉన్నప్పుడు గాలి మన వీపు మీద ఉంటుంది. వాళ్లు ఎత్తి కొట్టిన బంతి ఎదురుగాలికి సగంలోనే పడుతుంది. కాబట్టి ఇద్దరం నెట్ దగ్గరికి పోయి నిలబడదాం. గుంటూరు సైడు ఉన్నప్పుడు గాలి మన మొహాన కొడుతుంది. అప్పుడు మీరు నెట్ అవతల బంతిని ముద్దలా జారవిడవండి, అక్కడికక్కడే చచ్చిపోతుంది. వాళ్లు ముందుకు ఉరికొస్తే నేను తలల మీదుగా ఎత్తుతాను. ఎంత బలంగా ఎత్తినా గాలి దాన్ని బయటికి పోనీయదు."

"ఒకే మ్యాచ్‌లో రెండాటలా? నాకు ఒక్క ఆటే సరిగ్గా రాదురా."

"సైడు మారినప్పుడల్లా నేను గుర్తు చేస్తాను."

అన్నదమ్ములకు ఏ సైడయినా ఒకటే ఆట. వాళ్ల బలం అదే, ఆ రోజు బలహీనతా అదే అయింది. అయితే అంత తేలిగ్గా ఏమీ జరగలేదు. కోటిరెడ్డి గారు రెండు సార్లు సైడు మరిచిపోయి గాలి వాటున బంతి జారవిడిచారు. అది జారలేదు, ఎగిరి వాళ్ల రాకెట్ మీదికి వెళ్లి కూర్చుంది. ఐదు ఆరుతో వెనకబడ్డాం. నీళ్లు తాగుతూ ఆయన, "ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నామురా?" అని అడిగారు.

"గుంటూరు అన్నా."

"అయితే జారవిడవాల. ఇంక మర్చిపోతే నా పేరు కోటిరెడ్డి కాదు."

ఆ తర్వాత ఆయన వదిలిన బంతులు ఇప్పటికీ నా కళ్ల ముందున్నాయి. రాకెట్ కదిలిందా లేదా అన్నట్టుండేది. బంతి నెట్ దాటి, ఎదురుగాలికి ఆగిపోయి, అక్కడే రెండు సార్లు కొట్టుకునేది. పెద్దాయన పరుగెత్తి పరుగెత్తి నెట్ పట్టుకుని వేలాడాడు. వరుసగా మూడు గేములు తీసుకుని ఎనిమిది ఆరుతో గెలిచాం. చివరి బంతి పడగానే చిన్నాయన నెట్ దాటి వచ్చి, "మస్తాన్ భాయ్, ఎవరి దగ్గర నేర్చుకున్నావు ఇదంతా?" అని అడిగాడు. పాత మార్కర్ పేరు చెప్పాను. ఆ పేరు ఆయన వినలేదు. పక్కనున్న పది మందికీ వినపడేలా ఇంకోసారి చెప్పాను.

ఆదివారం పొద్దున ఫైనల్. రాత్రి అకాల వర్షం కురిసింది. కోటిరెడ్డి గారు కల్లాల్లో ఆరబెట్టిన మిర్చి మీద పట్టాలు కప్పించడానికి ఊరికి వెళ్లి తెల్లారాక తిరిగొచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను ఐదింటి నుంచి స్పాంజీతో కోర్టు తుడిచాను. ఫైనల్ ఆడేవాడివి నువ్వెందుకు తుడుస్తావని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు. ఎనిమిదింటికి కోర్టు ఆడటానికి వీలుగా అయింది గాని చెమ్మ పోలేదు. ఆకాశం నిండా మబ్బు.

ఎదుట విజయవాడ కుర్రాళ్లు. ఇద్దరికీ ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు. ఇంజినీరింగ్ అయిపోయింది. చిన్నప్పటి నుంచి కోచింగులో పెరిగారు. ఒకతను పొడుగు, ఒకతనికి కళ్లజోడు. వాళ్ల సామాను సంచీల్లో నాలుగేసి రాకెట్లు. సెక్రటరీ గారితో సహా క్లబ్బంతా కుర్చీలు వేసుకుని కూర్చుంది. వాళ్లలో సగం మంది ఇరవై రెండేళ్లుగా నన్ను ఓడించినవాళ్లే.

మొదటి సెట్టు ఆరు రెండుతో పోయింది. తప్పు నాదే. నిన్న గెలిపించిన ఆటనే పట్టుకుని నెట్ దగ్గరికి ఉరికాం. కుర్రాళ్లు మా పక్కల నుంచి బంతులు పంపించారు. కోటిరెడ్డి గారు తిరిగి చూసేలోపు పాయింటు అయిపోయేది. కుర్చీల్లో ఎవరో, "ఇంకో అరగంటలో అందరం టిఫిన్‌కు పోవచ్చు" అన్నారు. వినపడింది.

సెట్ల మధ్య కుర్చీలో కూర్చుని చేతిలో బంతి పట్టుకున్నాను. బరువుగా ఉంది. చెమ్మ పీల్చి పైన నూగు లేచి నిమ్మకాయ కాస్తా బత్తాయిలా అయింది. అప్పుడు వెలిగింది.

"అన్నా, నిన్నటి కోర్టు కాదిది. నిన్నటి బంతీ కాదు. ఈ బరువు బంతిని వాళ్లు ఎంత బాదినా దూసుకు రాదు. మనం వెనక్కి పోదాం. ఇద్దరం వెనక గీత దగ్గర నిలబడి ప్రతి బంతినీ ఆకాశంలోకి ఎత్తుదాం. వాళ్లు స్మాష్ కొడతారు. కొట్టనీ. బంతి మన దాకా మెల్లగా వస్తుంది. మళ్లీ ఎత్తుదాం."

"చూసేవాళ్లు నవ్వుతారు గదరా."

"నవ్వనీ అన్నా. ఆ కళ్లజోడు కుర్రాడిని చూశారా? ఆట మొదలయ్యే ముందు అతనూ నేనూ ఊరికే బంతులు కొట్టుకున్నాం గదా, అప్పుడు నా నుంచి మెల్లగా వచ్చిన ప్రతి బంతినీ చిరాగ్గా కొట్టాడు. వేగంగా వస్తేనే అతనికి ఆట. ఊరికే తేలుతూ వచ్చే బంతి ఇస్తే ఏం చేయాలో తెలియదు."

నిజంగానే నవ్వారు. పది బంతులు, పదిహేను బంతులు ఎత్తుతూ పోయాం. ఎగిరి స్మాష్ కొట్టడం, అది తిరిగి రావడం, మళ్లీ ఎగరడం. పొడుగు కుర్రాడు మొదట నవ్వాడు, తర్వాత మొహం ముడిచాడు, తర్వాత ఒక స్మాష్‌ను నెట్‌లోకి కొట్టి రాకెట్‌ను నేలకేసి కొట్టాడు. కళ్లజోడు కుర్రాడు, "ఇది టెన్నిసేనా?" అన్నాడు గట్టిగా.

కోటిరెడ్డి గారు వెనక గీత దగ్గర నుంచే జవాబు చెప్పారు. "కాదు బాబూ, మిరప తోటకు తడి పెట్టడం. నిదానంగానే పారిద్ది."

రెండో సెట్టు ఆరు నాలుగుతో మాది. నవ్వినవాళ్లు ఇప్పుడు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.

మూడో సెట్టు బదులు సూపర్ టైబ్రేక్. కనీసం రెండు పాయింట్ల తేడాతో పది పాయింట్లు ముందు ఎవరికొస్తే వాళ్లే విజేతలు. అదే ఆట కొనసాగించాం. కుర్రాళ్లు కోపంలో ఉన్నారు, తేలిక బంతులూ బయటికి కొట్టారు. ఏడు మూడు. ఇంకో మూడు పాయింట్లు చాలు. కోర్టు చుట్టూ కేకలు. డాక్టరు గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టడం చూశాను.

అప్పుడే వరుసగా మూడు పోయాయి. మూడూ ఒకే రకంగా పోయాయి. మేం ఎత్తిన బంతి, వాళ్లు కొట్టిన స్మాష్, మా తలల మీదుగా కంచెకు తగిలిన చప్పుడు. ఏడు ఆరు.

నేను కిందికి చూశాను. నా నీడ కనపడింది. ఆ పొద్దున నా నీడ చూడటం అదే మొదటిసారి. మబ్బు ఎప్పుడు విడిచిందో తెలియలేదు. సిమెంటు తెల్లగా ఆరిపోయింది. టైబ్రేక్ కోసం రిఫరీ కొత్త బంతుల డబ్బా తెరిచిన సంగతీ అప్పుడే గుర్తొచ్చింది. చేతిలో బంతి కోడిగుడ్డంత తేలిగ్గా ఉంది. మేం ఏడు పాయింట్లు గెలిచింది మా ఎత్తుగడ వల్ల కాదు. కుర్రాళ్ల కోపం వల్ల. ఆ కోపం ఇప్పుడు దిగిపోయింది.

కోటిరెడ్డి గారి దగ్గరికి పరుగెత్తాను. "అన్నా, ఆట మార్చాలి. ఇప్పుడే."

"నీకేమన్నా పిచ్చా? ఇంత దూరం తెచ్చిన దాన్ని ఇక్కడ వదిలేస్తావా? ఇంకా మనదే పైచెయ్యి."

"పైచెయ్యి అంకెల్లోనే ఉంది. కోర్టులో లేదు. ఎండ వచ్చింది, బంతి తేలికయింది. ఇంక ఎత్తితే ప్రతిదీ చంపుతారు."

"మరేం చేద్దాం?"

"వాళ్లు సర్వ్ చేసినప్పుడు కిందగా, బలంగా, ఇద్దరి నడి మధ్యకు కొడతా. ఎవరిదో తేల్చుకోలేరు. నేను సర్వ్ చేసేటప్పుడు మీరు నెట్ దగ్గర నడి గీత మీద నిలబడండి."

"నడి మధ్యలో ఎవడన్నా నిలబడతాడా?"

"నిలబడరు. అందుకే. మీరు ఏ పక్కకు పోతారో వాళ్లకు తెలియదు."

"ఏ పక్కకు పోవాలి?"

"ఎక్కడికీ పోవద్దు. మీరు పోతారని వాళ్లు అనుకుంటే చాలు."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. ఒక్క క్షణం. "సరే, నీ ఇష్టం. నువ్వే గురువు గదా" అన్నారు.

కళ్లజోడు కుర్రాడు సర్వ్ చేశాడు. మొదటిది కోటిరెడ్డి గారికి వచ్చింది. నడి మధ్యకు కొట్టబోయి నెట్‌కు కొట్టారు. ఏడు ఏడు. ఎవరో "అయిపోయింది" అన్నారు. ఆయన నా వైపు చూడలేదు. రెండో సర్వ్ నాకు. నెట్ మీద వెంట్రుకవాసి ఎత్తులో నడి మధ్యకు కొట్టాను. ఇద్దరూ కదిలారు, ఇద్దరూ ఆగారు. బంతి వాళ్ల మధ్య నుంచి వెళ్లిపోయింది. ఎనిమిది ఏడు.

ఇప్పుడు నా సర్వ్. కోటిరెడ్డి గారు వెళ్లి నడి గీత మీద కాళ్లు ఎడంగా పెట్టి, పొలం గట్టు తగాదాకు నిలబడినట్టు నిలబడ్డారు. కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను స్లైస్ సర్వ్ వేశాను. ఆయన్ని తప్పించాలని కళ్లజోడు కుర్రాడు పక్కకు కొట్టబోయి బయటికి కొట్టాడు. తొమ్మిది ఏడు.

చివరి సర్వ్. బంతి రెండు సార్లు నేలకు కొట్టాను. "సార్‌కు ఏం కావాలి?" అని లోపల ఎప్పటిలాగే అడిగాను. పొడుగు కుర్రాడికి భుజం ఎత్తు కావాలి. పాదాల మీదికి జారేలా వేశాను. అతను వంగి, కోపంగా, ఉన్న బలమంతా పెట్టి నేరుగా కోటిరెడ్డి గారి పొట్ట మీదికే కొట్టాడు. ఆయన కదల్లేదు. కదిలే సమయమూ లేదు. రాకెట్‌ను పొట్టకు అడ్డం పెట్టారు. బంతి దానికి తగిలి, నెట్ అవతల మెత్తగా పడి, ఆగిపోయింది.

కోర్టు దద్దరిల్లింది. కోటిరెడ్డి గారు రాకెట్ పడేసి, పరుగు లేని మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను ఎత్తడానికి ప్రయత్నించి, ఎత్తలేక, ఇద్దరం కింద కూలబడ్డాం. ఆయన కళ్ల వెంట నీళ్లు. "గెలిచావురా మస్తానూ, గెలిచావురా" అంటారు. "గెలిచాం అన్నా" అంటాను. ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు. విజయవాడ కుర్రాళ్లు వచ్చి మమ్మల్ని లేపారు. కళ్లజోడు కుర్రాడు నా చెయ్యి పట్టుకుని, "అంకుల్, ఆ స్లైస్ ఎట్లా వేస్తారో చూపిస్తారా?" అని అడిగాడు. అక్కడే, చెమట ఆరకుండా, చూపించాను.

సెక్రటరీ గారు కప్పు అందించేటప్పుడు మైకులో, "మస్తాన్‌వలీ గారు" అన్నారు. తర్వాత పక్కకు పిలిచి, "శిబిరం మీరే నడపండి. సర్టిఫికెట్ కోర్సుకు క్లబ్బే పంపుతుంది. మొన్న నేనన్న మాట మనసులో పెట్టుకోకండి" అన్నారు. పెట్టుకోలేదు. ఆ మాట అనకపోతే నేను ఆ కోర్టులోకి దిగేవాడినే కాదు.

ఆ మే నెలలోనే శిబిరం మొదలైంది. మొదటి విడత పదహారు మంది పిల్లలు. మరుసటి ఏడు కోర్సూ పూర్తి చేశాను. నా దగ్గర నేర్చుకున్న ఇద్దరు ఇప్పుడు జిల్లా జట్టులో ఉన్నారు. ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ అందరూ నేర్పేవే నేనూ నేర్పుతాను. కానీ మ్యాచ్ ఆడే వయసు వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఆ ఫైనల్ సంగతి చెబుతాను. మొదటి సెట్టు పోయాక ఆట మార్చినందుకు నేనేమీ గొప్పపడను. ఓడిపోతున్నవాడు ఎలాగైనా మారుస్తాడు, అతనికి వేరే దారి లేదు. ఏడు ఆరుతో ముందున్నప్పుడు, అందరూ మనదే గెలుపని లేచి నిలబడి చప్పట్లు కొట్టాక, ఇంత దూరం తెచ్చిన ఆటను చేతులారా వదిలి ఇంకోటి ఎత్తుకోవడానికే గుండె కావాలి. ఆ గుండె నాలో ఉందని నలభై మూడేళ్ల వయసులో, ఒక ఆదివారం పొద్దున, కొత్త బంతులతో నాకు తెలిసింది. నా పిల్లలకు అది ఇంకా ముందే తెలియాలని రోజూ కోర్టులోకి దిగుతున్నాను.